పటం కట్టించిన దయ్యం

శుక్రవారం పొద్దున యతిరాజులు చేయదలుచుకున్న పనులు రెండే. ఒకటి పటం కట్టించడం, రెండోది నోరు మూసుకుని ఉండడం. మొదటిదాన్ని పటాల అంగడి వెంకటముని చెడగొట్టాడు. రెండోది యతిరాజులుకు పుట్టుకతోనే చేతకాదు.

యతిరాజులు తిరుపతిలో ఇంగ్లీషు అయ్యవారు. పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం పొట్టకూటి కోసం చేసే పని. ఆయన ప్రాణమంతా దయ్యాల బొమ్మలు పోగుచేయడంలో ఉండేది. దయ్యాలంటే చింతచెట్టు మీద ఉండే మన బీద దయ్యాలు కావు. ఇంగ్లీషు సినిమాల్లో దొరల దయ్యాలు. ఆట మొదలుకాక ముందు జనాన్ని పిలవడానికి డేరా బయట పలక మీద తగిలిస్తారే, ఆ ఫోటోలు. మెడలు కొరికే జమీందారు, శవాలకు ప్రాణం పోసే డాక్టరు, సమాధిలోంచి గుడ్డపీలికలతో లేచొచ్చే ఈజిప్టు రాజు, వీళ్ళందరూ ఆయన ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య కాపురం ఉండేవారు. మన సినిమాల బొమ్మ ఎవరైనా చూపిస్తే కుళ్ళిన కూరగాయ చూపించినట్టు ముఖం తిప్పుకునేవాడు. దయ్యాలున్న ఇంట్లో కాన్పు వద్దని భార్య కంచిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. తల్లి వరదమ్మకు పోవడానికి ఇంకో ఇల్లు లేదు కాబట్టి ఆమె ఉండిపోయింది.

ఈ జబ్బు జిల్లా మొత్తం మీద ఇంకొక్కరికే ఉంది. ఆయన చిత్తూరు ప్లీడరు దేవనాథన్. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉండలేరు, చూస్తే ఓర్చుకోలేరు. దేవనాథన్ దగ్గర ఈజిప్టు రాజు బొమ్మలు వరసగా అన్నీ ఉన్నాయి. యతిరాజులు దగ్గర ఒక్కటే ఉంది, అందులో రాజుగారికి తల సగమే పడింది. ఆ సగం తల గురించి దేవనాథన్ కలిసినప్పుడల్లా పరామర్శ చేసేవాడు.

అలాంటి రోజుల్లో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, రేణిగుంట దారిలో మకాం వేసిన డేరా సినిమా ఎత్తేస్తూ ఉంటే యతిరాజులు మేనేజరును బతిమాలి పనికిరాని ఫోటోల కట్ట ఒకటి తెచ్చుకున్నాడు. అందులో దొరికింది ఆ బొమ్మ. నున్నటి గుండు, లోతుకు పోయిన కళ్ళు, చేటల్లాంటి చెవులు, మెడ దాకా చుట్టిన తెల్లగుడ్డ, ముఖం మీద కింద నుంచి పడుతున్న వెలుతురు. వెనక పేరూ లేదు, ఊరూ లేదు. యతిరాజులు ఒక్క చూపులో తేల్చేశాడు. ఇది జర్మనీ వాళ్ళ మూగచిత్రం, ప్రపంచంలో ఎక్కడా ప్రతి మిగలలేదు, ఇదొక్కటే ఆనవాలు. ఆ చిత్రం ఆయన చూడలేదు. దాని పేరు తెలియదు. అలాంటిది ఒకటి ఉన్నట్టు ఎవరూ చెప్పనూ లేదు. ఇవేవీ ఆయన నమ్మకానికి అడ్డం రాలేదు.

వెంటనే చిత్తూరు వెళ్ళి దేవనాథన్ దగ్గర నోరు జారాడు. దేవనాథన్ పందెం కట్టాడు. ఆదివారం తిరుపతి వచ్చి చూస్తాడు. నిజంగా దొర దయ్యమే అయితే ఈజిప్టు రాజులందరూ యతిరాజులు పాలు. కాకపోతే, అసలు చూపించలేకపోయినా సరే, యతిరాజులు ట్రంకు పెట్టె తాళంతో సహా చిత్తూరు పోవాలి. ప్లీడరు ముందు బొమ్మను ఒట్టి అట్టలా చేతికివ్వడం యతిరాజులుకు నామోషీ అనిపించింది. నల్ల చట్రం, మంచి అద్దం ఉంటే సగం గెలిచినట్టే. అందుకని శుక్రవారం పొద్దున గుడి వీధిలో వెంకటముని అంగడికి పోయాడు.

"ఎవురు సామీ ఈ పెద్దాయన?" అన్నాడు వెంకటముని బొమ్మ తీసుకుని.

"నీకు చెప్పినా అర్థం కాదు. నల్ల చట్రం వెయ్. సాయంత్రం వస్తా."

"ఉండాడా, పోయినాడా?"

"పోయి చాలా ఏండ్లయింది," అన్నాడు యతిరాజులు. మూగచిత్రాల కాలం నటుడు ఇంకా బతికి ఉంటాడని ఆయన అనుకోలేదు.

వెంకటముని అంగడిలో పటాలు రెండే రకాలు. దేవుళ్ళవి, పోయినవాళ్ళవి. ఈయన దేవుడు కాడని చూస్తేనే తెలుస్తోంది. గుండు చూస్తే కొండకు తల నీలాలిచ్చిన భక్తుడు. బొమ్మ తెచ్చింది వైష్ణవుల ఇంటి అయ్యవారు. అంత ఇంటి పెద్దాయన బోడి నుదురుతో గోడకెక్కితే అంగడికి మాట వస్తుందని, వెంకటముని సన్నకుంచె తీసి తిరునామం దిద్దాడు. అద్దం బిగించి, గంధపుచెక్కల దండ వేసి, ఊదుబత్తి గుచ్చి, నలుగురూ చూసేలా అంగడి ముందు నిలబెట్టాడు. అడగకపోయినా ఇంత చేసినందుకు అయ్యవారు మెచ్చుకుంటారనే అనుకున్నాడు.

సాయంత్రం యతిరాజులు వచ్చేసరికి అంగడి ముందు జనం మూగి ఉన్నారు. మెట్ల మీద ఒకామె కూలబడి, పటం వైపు చెయ్యి చాపి, ఏడుపూ తిట్లూ కలిపి వడ్డిస్తోంది.

"సెప్పకుండా పోయినావు సరే. సచ్చేటప్పుడన్నా ఒక మాట సెప్పాలని లేదా నీకు? ఎనుముకు కుడితి ఎవురు పెడతారనుకొని సచ్చినావు?"

ఆమె పేరు నాగులమ్మ. ఊరు పలమనేరు. మొగుడు ఎల్లప్ప తల నీలాలిచ్చి వస్తానని కొండకు వచ్చి మళ్ళీ ఇల్లు చేరలేదు. ఆమె కాణిపాకంలో అడిగి, అలిపిరిలో అడిగి, తిరుపతి సత్రాలన్నీ తిరిగి, గుడి వీధిలో కాలు పెట్టేసరికి మొగుడు దండ వేసుకుని కనబడ్డాడు.

యతిరాజులు చూపు ముందు ఆమె మీద పడలేదు, తిరునామం మీద పడింది.

"ఎవడ్రా దీని నెత్తిన నామం పెట్టింది?" అని అరిచాడు.

"నేనే సామీ. పేరూ తిథీ సెప్తే అడుగున రాసిచ్చేస్తా," అన్నాడు వెంకటముని. "ఈయమ్మేమో తన మొగుడంటా ఉండాది. మీరు సెప్పండి, ఎవురీయన?"

యతిరాజులు నిజమే చెప్పాడు. ఇది ఫలానా జర్మనీ దేశపు మూగచిత్రంలో దయ్యం వేషమనీ, కళ అంటే ఏమిటో తెలియని ఊళ్ళో పుట్టడం తన ఖర్మమనీ వివరంగా చెప్పాడు. జనం శ్రద్ధగా విన్నారు. ఒక్కరూ నమ్మలేదు. నామం పెట్టుకున్న జర్మనీ దయ్యాన్ని నమ్మమంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

"నా మొగుణ్ణి దయ్యమంటాడే," అంటూ నాగులమ్మ లేచి పటాన్ని చంకన పెట్టుకుంది. "ఈయనకూ నీకూ ఏమి సమ్మందం? నీ చేతికి ఎట్లొచ్చింది ఈ పటం? యాడ సచ్చినాడు, ఎవురు సంపినారు, పోలీసుల ముందర సెప్పుదువు రా."

పోలీసులంటే యతిరాజులుకు భయం. అంతకంటే ఎక్కువ భయం ఆదివారమంటే. పటం పలమనేరు పోతే పెట్టె చిత్తూరు పోతుంది. పెట్టె లేకపోతే తను ఒట్టి ఇంగ్లీషు అయ్యవారు. ఆ తొందరలో నోటికి వచ్చిన మాట అనేశాడు.

"సంబంధం లేకేమి? ఈయన మా పెదనాయన. పటం మా ఇంటిది. ఇట్లా ఇవ్వు."

దయ్యానికి ఒప్పుకోని జనం పెదనాయనకు వెంటనే ఒప్పుకున్నారు. యతిరాజులు ప్రాణం కుదుటపడింది. అది ఎంతోసేపు నిలవలేదు. వెంకటముని గడ్డం గోక్కుని అందరి తరఫునా ఆలోచించాడు.

"ఈయన అయ్యవారికి పెదనాయన. ఈయమ్మకు మొగుడు. అట్లయితే ఈయమ్మ అయ్యవారికి పెద్దమ్మ కదప్పా."

లెక్క సరిపోయింది. అందరూ నాగులమ్మను ముందు నడిపించి, పటాన్ని ఆమె చంకలోనే ఉంచి, వెనక యతిరాజులును పెట్టుకుని, ఊరేగింపుగా ఆయన ఇంటికి బయలుదేరారు. దారిలో కలిసినవాళ్ళకు కారణం చెప్పుకుంటూ పోయారు. చెప్పినవాడల్లా కాస్త కలిపాడు. ఇంటికి చేరేసరికి పెదనాయన కొండమెట్ల మీద గోవిందా అంటూ ప్రాణం వదిలిన మహానుభావుడు అయిపోయాడు.

వరదమ్మ వాకిట్లో నిలబడి అంతా విన్నది.

"మీ నాయనకు అన్న యాడుండాడు రా?" అంది కొడుకుతో. "ఆయన ఒక్క కొడుకు కదా?"

జనం గుసగుసలు ఆపి యతిరాజులు నోటి వైపు చూశారు. ఉన్నాడంటే తల్లి ఒప్పుకోదు, లేడంటే పటం పోతుంది. ఆయన తల వంచుకుని నేల చూశాడు. అబద్ధం అతకక అలా చూశాడే గానీ, వరదమ్మకు అది వేరే విధంగా అర్థమైంది. మామగారు పలమనేరు వైపు వసూళ్ళకని పోయి నెలల తరబడి రాకపోవడం ఆమెకు కొత్తకోడలుగా ఉన్న రోజుల నుంచీ తెలుసు. ఇన్నాళ్ళకు దానికి కారణం పటం కట్టించుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఓహో," అంది వరదమ్మ. "ఆచారమనీ మడి అనీ నన్ను ఏడిపించుకు తిన్న పెద్దమనిషి. ఆడ ఇంకో కాపురమా?"

మామగారు పోయి చాలా కాలమైంది కాబట్టి ఎదురు చెప్పడానికి రాలేదు. వరదమ్మకు కోపం కంటే తృప్తే ఎక్కువ కలిగింది. నాగులమ్మను లోపలికి రమ్మనడానికి ఆచారం ఒప్పుకోలేదు, వాకిట్లో వదిలేయడానికి మనసు ఒప్పుకోలేదు. వీధి అరుగు మీద చాప వేయించి, విస్తరి వేసి అన్నం పెట్టి, "అక్కా, మనవాళ్ళు చేసిన పనికి నువ్వేం చేస్తావులే," అంది. నాగులమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నం బాగుందని మాత్రం అర్థమైంది. పటాన్ని వసారాలో పీట మీద పెట్టి దీపం వెలిగించారు.

శనివారం పొద్దున యతిరాజులు పటం అద్దం ఊడదీసి తడిగుడ్డతో నామం తుడవబోతుంటే పురోహితుడు వచ్చాడు. వెంట మంగలిని తెచ్చాడు. పెదనాయనకు కొడుకులు లేరట, కర్మ చేయవలసింది తమ్ముడి కొడుకేనట. ఆలస్యంగా తెలిసినా తెలిసిన రోజు నుంచే లెక్కట.

యతిరాజులుకు తన ట్రంకు పెట్టె తరవాత ప్రీతిపాత్రమైన వస్తువు తన తల. ఊళ్ళో వైష్ణవులందరూ పిలకలతో తిరుగుతుంటే ఆయన ఒక్కడే మద్రాసులో కొట్టించుకొచ్చిన క్రాపుతో, వారానికి ఒక రకం నూనెతో తిరిగేవాడు.

"ఇంగ్లీషు చదువుకున్నవాణ్ణి, నాకు ఇవన్నీ పట్టింపు లేదు," అన్నాడు.

అరుగు మీద నుంచి నాగులమ్మ తలెత్తింది. "పెదనాయనంటివే. పెదనాయనైతే గుండు కొట్టించుకోనికి ఏమి నొప్పి? కాదంటే సెప్పు, పటం తీసుకొని నా దోవన నేను పోతా."

యతిరాజులు ఈజిప్టు రాజులను తలుచుకున్నాడు. వరసగా అందరూ, తలలన్నీ పూర్తిగా ఉన్నవాళ్ళు. కళ్ళు మూసుకుని పెరట్లో పీట మీద కూర్చున్నాడు. కత్తి ఆడుతున్నంత సేపూ ఈ మూర్ఖులకు కళ అంటే ఏమిటో తెలియదని గొణుగుతూనే ఉన్నాడు. మంగలి ఆయన గడ్డం పట్టుకుని, మాట్లాడితే తెగుతుందని చెప్పాక ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున చిత్తూరు బస్సు దిగి దేవనాథన్ వచ్చాడు. చంకలో ఈజిప్టు రాజుల కట్ట. అరుగు మీద ఏడుస్తున్న ఆడమనిషి, వసారాలో దీపం, నున్నటి గుండుతో యతిరాజులు. ప్లీడరు మర్యాదకు తల వంచాడు.

"ఎవరు పోయినారు?"

"ఎవరూ పోలేదు. తరవాత చెప్తా. ముందు బొమ్మ చూడండి," అని యతిరాజులు దండ తీసి పటం చేతికిచ్చాడు. నామం తుడవగా పూర్తిగా పోలేదు. నుదుటి మీద నిలువునా రెండు గీతలు, మధ్యన ఎర్రగా చిన్న మరక మిగిలాయి.

దేవనాథన్ కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. ఎగాదిగా చూశాడు. ఎవరి బొమ్మో ఆయనకు ఏమాత్రం తెలియలేదు. తెలియలేదని అనడం ఆయన వృత్తిలో లేదు. అలా అంటే యతిరాజులుకు తెలిసింది తనకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ మాట అనడం కంటే ఈజిప్టును వదులుకోవడం నయమనిపించింది.

"చూసినాను," అన్నాడు గంభీరంగా. "ఈ చిత్రం మద్రాసులో ఒక్క ఆట పడింది. దొరలకు మాత్రమే. నాకు పాసు వచ్చింది. నుదుటి మీద ఈ కోతలు చూసినారా? అక్కడే మెదడు మార్చేది. జర్మనీ వాళ్ళు తప్ప ఇట్లాంటి మేకప్పు ఇంకెవరు చేస్తారు?"

యతిరాజులుకు ఆ గీతలు ఎవరు పెట్టారో తెలుసు, ఏ కుంచెతో పెట్టారో తెలుసు. అయినా "అదే నేనూ అనుకున్నా" అన్నాడు. ఇద్దరు పండితులూ వెంకటముని దిద్దిన తిరునామాన్ని తలలూపుతూ మెచ్చుకున్నారు.

"నటుడు కూడా పోయినాడు పాపం," అన్నాడు దేవనాథన్. "జర్మనీలోనే." అని, గుండె రాయి చేసుకుని ఈజిప్టు రాజుల కట్టను యతిరాజులు చేతిలో పెట్టాడు.

అరుగు మీద నాగులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "జర్మనీ అంటే యాడుండాది సామీ? రేణిగుంట కాడ రైలు మారాల్నా?"

ఆమెకు జవాబు చెప్పేలోపల వీధి వాకిట్లో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నున్నటి గుండు, లోతుకు పోయిన కళ్ళు, చేటల్లాంటి చెవులు, మెడ దాకా తెల్లగుడ్డ. దేవనాథన్ బెంచీ ఎక్కేశాడు. దొరల దయ్యాలను పెట్టెలో పెట్టుకుని కాపాడిన మనిషి, పట్టపగలు వచ్చిన ఒక్కదాన్ని చూసి తట్టుకోలేకపోయాడు. యతిరాజులు ఎక్కడానికి ఇంకో బెంచీ లేక గోడకు అంటుకున్నాడు. వరదమ్మ ఒక్కతే తల మీద కొంగు కప్పుకుని పక్కకు తప్పుకుంది.

"ఈడ నేను సచ్చిపోయినానని ఎవురో సెప్పినారు," అన్నాడు వచ్చినవాడు. "సూసిపోదామని వచ్చినా."

నాగులమ్మ లేచింది. ఏడుపు ఆగిపోయింది, తిట్లు మాత్రం ఆగలేదు. ఆ తిట్ల మధ్యన సందు దొరికినప్పుడల్లా ఎల్లప్ప తన కథ చెప్పుకున్నాడు. కొండ దిగి వస్తుంటే డేరా సినిమా మేనేజరు చూశాడట. దయ్యం సినిమా ఆడిద్దామంటే బయట తగిలించడానికి ఫోటోలు రాలేదని తల పట్టుకుని ఉన్నాడట. ఎల్లప్ప ముఖం చూసి కాళ్ళ మీద పడినంత పని చేశాడట.

"పంచె మెడ దాకా సుట్టి, గడ్డం కింద లాంతరు పెట్టి, కండ్లు పెద్దవి సెయ్యమన్నాడు. సేసినా. ఫోటో తీసినాడు. ఆ పొద్దు నుంచీ ఊరూరా డేరా ముందర నన్నే నిలబెడతా ఉండాడు. పిల్లోళ్ళు జడుసుకుంటే జనం బాగా వస్తారంట. రెండు పూటలా కూడు పెడతాడు, వారానికొకతూరి గుండు కొట్టిస్తాడు. నిన్న సెంద్రగిరిలో ఉండాము. ఆ పటంలో ఉండేది నేనే సామీ."

ఆ మాట నిలిస్తే పెట్టె పోతుంది. పోయిన క్రాపు ఎటూ రాదు. యతిరాజులు దీనంగా ప్లీడరు వైపు చూశాడు. ఆశ్చర్యం, ప్లీడరు ముఖం తనకంటే దీనంగా ఉంది. మద్రాసులో దొరల మధ్య కూర్చుని పలమనేరు ఎల్లప్పను చూసొచ్చానని ఆయన ఇప్పుడే చెప్పాడు మరి. దేవనాథన్ మెల్లగా బెంచీ దిగి, గొంతు సవరించుకుని, కోర్టులో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"నువ్వు కాదు," అన్నాడు ఎల్లప్పతో.

"నేనే సామీ."

"పోలిక. ఉత్త పోలిక. నీ నుదుటి మీద కోతలున్నాయా? లేవు. పటంలో ఉన్నాయి. పటంలోని మనిషి పోయినాడు, నేను చెప్తున్నా కదా. నువ్వు నా ఎదురుగా నిలబడి ఉండావు. కాబట్టి నువ్వు ఆ మనిషి కావు. చట్టం దగ్గరికి పోయినా ఇదే చెప్తుంది."

"ప్లీడరుగారు చెప్పింది అక్షరాలా నిజం," అన్నాడు యతిరాజులు. పుట్టి బుద్ధెరిగాక దేవనాథన్ మాటకు ఆయన వంత పాడడం అదే మొదలు.

ఎల్లప్ప తన ముఖం తడుముకుని చూసుకున్నాడు. ఇంత చదువుకున్నవాళ్ళు ఇద్దరూ కలిసి కాదంటుంటే ఆయనకూ కొంచెం అనుమానం వచ్చింది.

నాగులమ్మ మొగుణ్ణి చూసింది, పటాన్ని చూసింది. ఆమె ముఖం తేటపడింది.

"ఇంకొకసారి సెప్పండి సామీ. పటంలో మడిసి ఈయన కాదు?"

"కానే కాదు."

"నా మొగుడు పటంలో ఉండే మడిసి. ఆ పొద్దు అంగట్లోనే పదిమందిలో సెప్పినా. ఇప్పుడు కోర్టు సదువు సదివినోళ్ళు ఈయన ఆయన కాదంటా ఉండారు. అట్లయితే ఈయన నాకేమీ కాడు." ఆమె చేయి చాచి దేవనాథన్ చేతుల్లోంచి పటం తీసుకుంది. "నా మొగుణ్ణి నేను తీసుకొని పోతా. గోడకు కొడితే అట్లనే ఉంటాడు. ఎనుమును వొదిలేసి సినిమాలకు పోడు, కూడు బాగలేదనడు."

యతిరాజులు పటాన్ని పట్టుకున్నాడు. నాగులమ్మ వదలలేదు. లాక్కుంటే పెదనాయన పటం పెద్దమ్మకు ఇవ్వలేదని ఊరంతా అంటుంది. ఆమె మొగుడు ఎల్లప్పే అంటే పటంలో ఉన్నదీ ఎల్లప్పే అనవలసి వస్తుంది. నోరు తెరిచిన ప్రతి దారిలోనూ తను ఇదివరకే చెప్పిన అబద్ధం ఒకటి కాపలా ఉంది. చేయి వదిలేశాడు. నాగులమ్మ పటాన్ని నెత్తిన పెట్టుకుని, వరదమ్మకు దండం పెట్టి, పలమనేరు బస్సుకు వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంకెవరూ మాట్లాడకముందే దేవనాథన్ ఈజిప్టు రాజుల కట్టను యతిరాజులు చంకలోంచి నెమ్మదిగా లాగేసుకున్నాడు.

"బొమ్మ ఏది? చూపించలేకపోతే పెట్టె నాదని కదా పందెం," అన్నాడు.

"ఇప్పుడే చూసినారు కదండీ. మద్రాసులో కూడా చూసినారు."

"చూసినాను. ఇప్పుడు యాడుండాది?"

చిత్తూరు బస్సు ఎక్కేటప్పుడు దేవనాథన్ ఒక చంకలో ఈజిప్టు రాజులున్నారు, కూలీ నెత్తి మీద ట్రంకు పెట్టె ఉంది. యతిరాజులు బస్సు వెనక కొంతదూరం నడిచి, ఎండకు గుండు చుర్రుమంటుంటే ఇంటికి తిరిగొచ్చాడు. లోపల పెట్టె ఉన్న చోట నాలుగు కలరా ఉండలు దొర్లుతున్నాయి. ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాడు. పెదనాయన పోయినందుకు ఇప్పటికి దుఃఖం తెలిసిందని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు.

వసారాలో ఎల్లప్ప ఎటు పోవాలో తెలియక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వరదమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, ముఖం పక్కకు తిప్పుకుని, కొంగు సర్దుకుని ఆయన ముందు పెట్టింది.

"ఎవరేమన్నా అనుకోనీండి బావగారూ," అంది. "మామగారి చెవులు నేనెరగనివా? కాళ్ళు కడుక్కోండి, అన్నానికి లేద్దురు గాని."

ఎల్లప్ప కాళ్ళు కడుక్కుని విస్తరి ముందు కూర్చున్నాడు. యతిరాజులు కూడబెట్టిన దయ్యాలన్నిటిలోనూ ఇంట్లో మిగిలింది ఇదొక్కటే, దీనికి రెండోసారి పప్పు వడ్డించాల్సి వచ్చింది.